బస్సు కవరు నుంచి బ్లాగు దాకా

ఇలా జరగండర్రా, మంటకి దగ్గరగా. ఏరా బుల్లోడా, యూట్యూబు ఛానలు పెడతానంటున్నావటగా? పెట్టు, మంచిదే. కాకపోతే మా రోజుల్లో వార్త ఎట్లా నడిచేదో ముందు విను.

నేను అవనిగడ్డలో కంట్రిబ్యూటర్ని. జీతమంటూ లేదు, లైన్ అకౌంటే. నెలాఖరున పేపర్లన్నీ ముందేసుకుని, మన వార్తలు కత్తిరించి, కాగితాలకంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపితే ఆ కొలతకి డబ్బులు. డెస్కులో వార్త కోసేశారంటే మా డబ్బులూ కోసేసినట్టే. ఒక పత్రిక, పేరెందుకులే, నాకివ్వాల్సిన లైన్ అకౌంటు ఇవ్వకుండానే మూతపడింది.

వార్త రాసి కవర్లో పెట్టి, పైన ఎర్రసిరాతో ‘ప్రెస్, అర్జెంట్’ అని రాసి బెజవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్ళం. అక్కడ బస్టాండులో ఆఫీసు కుర్రాడు కాచుకుని ఉండేవాడు. దారిలో టైరు పంచరైతే వార్త ఎల్లుండికే. మరీ అర్జెంటయితే పోస్టాఫీసుకి పరిగెత్తి టెలిగ్రాం కొట్టించడమో, ట్రంకాల్ బుక్ చెయ్యడమో. ‘హలో, హలో’ అని గొంతు చించుకుంటుంటే అచ్చులో పడకముందే ఆ వార్త వీధి వీధంతా వినేది!

1977 నవంబరు 19న మా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. తంతి తీగలు తెగిపోయాయి, చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. పదివేల మందికి పైగా పోయిన ఆ ఘోరం ఎంతటిదో బయటి లోకానికి రోజులు గడిస్తేగాని తెలియలేదు. వార్త ఆలస్యమైతే మనుషులకి సాయమూ ఆలస్యమే. అందుకే ఈ ఫోన్లొచ్చాక నేనెప్పుడూ వాటిని తిట్టలేదు.

ఆ తర్వాత ఫ్యాక్సు వచ్చింది. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు పెట్టింది. అప్పటినుంచి మా వీధి కుళాయిలో నీళ్ళు రాకపోయినా వార్తే! ప్రతి మండలానికీ విలేకరి కావాల్సొచ్చాడు. ఆ తర్వాత కంప్యూటర్లు, ఇంటర్నెట్టు. మొదట్లో ఒక్కో పత్రిక సైటుకి ఒక్కో ఫాంటు. అది లేకపోతే తెరమీద అక్షరాల బదులు పిచ్చిగీతలు. యూనికోడ్ వాడకంలోకొచ్చాక ఆ తిప్పలు తీరాయి. 2005, 2006 ప్రాంతాల్లో తెలుగు బ్లాగులు జోరందుకున్నాయి. ‘లేఖిని’ సైటులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది. ‘కూడలి’ సైటుకి పోతే ఎవరెవరు కొత్తగా ఏం రాశారో ఒక్కచోటే కనపడేది.

మా పేపరు వాళ్ళు మొదట నవ్వారు. ‘ఎడిటర్ లేని రాతలు, అవీ ఒక రాతలేనా’ అన్నారు. తర్వాత వాళ్ళలోనే కొందరు పేపర్లో చోటు దొరకని సంగతులన్నీ రాత్రిపూట బ్లాగుల్లో రాసుకున్నారు. మాకైతే పాఠకుడి ఉత్తరం పోస్టుకార్డు మీద వారానికొచ్చేది. వాళ్ళకి గంటలో వచ్చేసేది, అదీ ‘మీరు చెప్పింది తప్పు, నేనా ఊరివాణ్ణే’ అని! దానికి జవాబు చెప్పడం నేర్చుకున్నవాళ్ళే ఈ కొత్త లోకంలో నిలదొక్కుకున్నారు. 2013 జులైలో టెలిగ్రాం కాస్తా పోయింది. 2020 లాక్‌డౌన్‌లో పేపర్ల పేజీలు తగ్గి ఎందరో విలేకర్లు రోడ్డున పడ్డారు. చేతిలో ఫోను, ఒక మైకు, ఒక స్టాండు పెట్టుకుని చాలామంది సొంత ఛానళ్ళకి దిగారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశారుగా, మేడలమీది జనమే వీడియోలు తీసి పెట్టారు. దివిసీమకి దక్కని భాగ్యం అది. కాకపోతే ఇలాంటప్పుడే ఎక్కడివో పాత వరదల వీడియోలు కూడా వచ్చి కలుస్తుంటాయి.

వార్త నిజమో కాదో చూసుకోడానికి మాకు బస్సు వచ్చేలోపు కాస్త టైముండేది. ఆ టైములో స్టేషన్‌కెళ్ళి ఎస్సైని అడిగేవాళ్ళం, ఆసుపత్రికెళ్ళి పేర్లు సరిచూసుకునేవాళ్ళం. కవరు చేరాక డెస్కులో సబ్ ఎడిటరు తప్పులు పట్టుకునేవాడు. ‘చనిపోయినాయన ఇంటిపేరు ఒక పేరాలో ఒకటి, ఇంకో పేరాలో ఇంకోటి రాశావు, ఏది కరెక్టు?’ అని ఫోన్లో నిలదీసేవాడు. నీకా బస్సూ లేదు, ఆ సబ్ ఎడిటరూ లేడు. వాళ్ళిద్దరి పనీ నువ్వే చెయ్యాలి. విలేకరికి కొత్తగా వచ్చిపడ్డ కష్టం ఇదిరా, కెమెరా పట్టుకోవడం కాదు.

కాబట్టి ఛానలు పెట్టు, కానీ వీడియో ఎక్కించేముందు ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళకి ఒక్క ఫోను కొట్టు. తప్పు దొర్లితే గుట్టుచప్పుడు కాకుండా తీసేసి ఊరుకోకు. మా పేపర్లో మర్నాడు సవరణ వేసేవాళ్ళం. నువ్వు కూడా ఏం మార్చావో, ఎన్నింటికి మార్చావో వీడియో కిందే రాయి. చూసేవాళ్ళు నిన్ను నమ్మడం అక్కణ్ణుంచే మొదలవుతుంది.