పరమాణువిచారము: కణాదుని నుండి ఆవర్తన పట్టిక వరకు

మడకశిర ప్రాంతమందలి హేమావతి ఒకప్పుడు నొళంబ పల్లవుల రాజధాని. అచ్చటి సిద్ధేశ్వరాలయమున నల్లరాతి శిల్పములను దర్శించు జిజ్ఞాసువునకు ఒక ప్రశ్న ఉదయింపవచ్చును: శిలను ఖండించుచు పోయినచో ఆ ఖండనమునకు అంతమెక్కడ?

వైశేషికదర్శనకర్తయైన కణాదమహర్షి దీనికి పరమాణువును సమాధానముగా చెప్పెను. పృథివి, జలము, తేజస్సు, వాయువు అను నాలుగింటికే పరమాణువులు గలవు. ఆకాశము విభువగుటచే దానికి లేవు. రెండు పరమాణువులు కలిసి ద్వ్యణుకము, మూడు ద్వ్యణుకములు కలిసి త్ర్యణుకము అగును. గవాక్షమునుండి ప్రసరించు సూర్యకిరణమందు కదలాడు రేణువే త్ర్యణుకమని తార్కికులు నిరూపించిరి. 17వ శతాబ్దిలో ఆంధ్రుడైన అన్నంభట్టు ఈ సిద్ధాంతమును తర్కసంగ్రహమున బాలురకు సుబోధమగునట్లు కూర్చెను.

ఐరోపాలో 1808లో డాల్టన్, ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క భారముగల పరమాణువు కలదని ప్రతిపాదించెను. 1869లో రష్యా దేశీయుడైన మెండెలీవు నాటికి తెలిసిన 63 మూలకములను భారక్రమమున అమర్చెను. సప్తస్వరముల పిమ్మట షడ్జము మరల వచ్చినట్లు, మూలకముల గుణములును నియతముగా ఆవృత్తమగుట కనబడెను. కనుకనే అది ఆవర్తన పట్టిక. అందు కొన్ని స్థానములు శూన్యముగా మిగిలెను. అచ్చట ఉండదగిన మూలకములకు అతడు సంస్కృతమునుండి ‘ఏక’ శబ్దమును గ్రహించి ఏక-అల్యూమినియం, ఏక-బోరాన్, ఏక-సిలికాన్ అని నామకరణము చేసెను. 1875లో గాలియం, 1879లో స్కాండియం, 1886లో జర్మేనియం లభించి ఆ స్థానములను పూరించినవి. ధూమమును చూచి వహ్నిని ఊహించినట్టి అనుమానమే ఇది. పిదప ప్రత్యక్షము దానిని సమర్థించెను.

1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకమును కనుగొనుటతో పరమాణువునకును అవయవములు గలవని తేలెను. కేంద్రకమందలి ప్రోటాన్ల సంఖ్యయే పరమాణు సంఖ్య. మూలకముల క్రమమునకు భారము గాక ఈ సంఖ్యయే ఆధారమని 1913లో మోస్లే ప్రయోగముచే చూపెను. నేటి పట్టికలో 118 మూలకములు గలవు. కణాదుని పరమాణువు నిరవయవము, నిత్యము. నేటి శాస్త్రము చెప్పు పరమాణువు అట్టిది కాదు. ఒకటి తర్కసిద్ధము, మరొకటి ప్రయోగసిద్ధము. రెండును ఒకటేయని చాటుట ఇరువురు ద్రష్టలకును అన్యాయమే.

ఈ విచారము కేవలము గ్రంథస్థము కాదు. తొమ్మిదవ మూలకమగు ఫ్లోరిన్ పరమాణువున బాహ్యకక్ష్యయందు 7 ఎలక్ట్రాన్లుండును. ఎనిమిదవదానిని గ్రహించి అది ఫ్లోరైడ్ అగును. అనంతపురపు కరువు పీఠభూమిలో అనేక గ్రామముల బోరునీటిలో ఇది అధికము. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని చిరకాలము త్రాగినచో దంతములపై మచ్చలు కలుగును. మోతాదు మరింత హెచ్చినచో అస్థులు వ్యాధిగ్రస్తమగును. అది కంటికి కనబడదు, రుచికి తెలియదు. కాచినను పోదు; నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. ఇచ్చట ప్రత్యక్షము ప్రమాణము కాజాలదు. నీటిని పరీక్ష చేయించి త్రాగుటయే వివేకము.