హక్కు: సంపదలో పేదవాడి వాటా

శ్రీకాకుళంలో ఫౌజుదారు (సైనిక పాలనాధికారి) షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఉంది. అలాంటి ఫౌజుదారుల కాలంలో కచేరీల ద్వారా తెలుగులో కుదురుకున్న అరబ్బీ మాటల్లో ‘హక్కు’ ఒకటి. మూలం ‘హఖ్’. సత్యమనీ, న్యాయంగా చెందవలసినదనీ అర్థం. మనం పొలానికీ, వాటాకీ, ఓటుకీ ఈ మాట వాడుతున్నాం. ఖురాన్ 51వ అధ్యాయం దీన్ని డబ్బు విషయంలో వాడింది: దైవభీతి గలవారి సంపదలో అడిగేవాడికీ, లేమిలో ఉన్నవాడికీ హక్కుందట. ఎంత గొప్ప ఆలోచన! పుచ్చుకునేవాడు తల వంచనక్కర్లేదు.

పిల్లలకు జకాత్, అంటే ఇస్లాంలో తప్పనిసరి దానం, గురించి నేర్పేటప్పుడు ముందు ఈ మాటే చెప్పాలి, లెక్క తర్వాత. నిసాబ్ అనే కనీస పరిమితికి తగ్గని సొమ్ము ఒక చాంద్రమాన సంవత్సరం నిలిస్తే, నూటికి రెండున్నర. లక్షకు 2,500. ఆ 2,500 వేరొకరి హక్కని మీ పిల్లలకు చెప్పండి.