మనస్తత్వశాస్త్రానికి విదేశీ బాట: మదనపల్లె సీమ నుంచి

మనస్తత్వశాస్త్రం భారతదేశంలో తత్వశాస్త్రం నీడలోనే పెరిగింది; 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో తొలి ప్రత్యేక శాఖ ఏర్పడగా, దానిని నడిపిన ఎన్.ఎన్. సేన్‌గుప్తా హార్వర్డ్‌లో చదివినవారు, 1924లో మైసూరు శాఖను నిలబెట్టిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో మనస్తత్వవేత్త స్పియర్‌మన్ వద్ద శిక్షణ పొందినవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, తత్వశాస్త్రం చదివి, అమెరికాలో పరిశోధన చేసి వచ్చిన కె. రామకృష్ణారావు 1967లో మనస్తత్వశాస్త్ర శాఖను నెలకొల్పారు.

అలా విదేశాల్లో చదివి రావాలనే ఆశ మదనపల్లెకూ పాతదే. ఇక్కడ 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తిని 1911లో ఇంగ్లండుకు తీసుకువెళ్లినా, ఆక్స్‌ఫర్డ్‌లో ఆయనకు ప్రవేశం దొరకలేదు. దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాల మాత్రం సొంత ఊళ్లోనే ఉన్నత విద్యకు తలుపు తీసింది. 1997లో కుప్పంలో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ అవకాశాన్ని సరిహద్దు పల్లెలకూ చేర్చింది.

నేడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టభద్రులకు బ్రిటన్‌లోని కన్వర్షన్ మాస్టర్స్, అంటే వేరే విషయంలో పట్టా పొందినవారు మనస్తత్వశాస్త్ర మౌలికాంశాలను సాధారణంగా ఏడాదిలో నేర్చుకునే కోర్సు, తత్వశాస్త్రం నుంచి మనస్తత్వశాస్త్రానికి సాగిన ఆ పాత ప్రయాణానికి ఒక క్రమరూపంగా అందుబాటులో ఉంది. దరఖాస్తుకు మార్కుల పత్రాలు, అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఆసక్తిని వివరించే వ్యాసం, ఆంగ్ల పరీక్ష ఫలితం సాధారణంగా అడుగుతారు. కోర్సుకు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. అయితే ఈ పట్టా ఒక్కటే చికిత్సాధికారం ఇవ్వదు; భారతదేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలి గుర్తించిన అర్హత, నమోదు తప్పనిసరి కనుక, అప్పుచేసి పంపే కుటుంబాలకు ఈ సంగతి దరఖాస్తుకు ముందే తెలియడం న్యాయం.