క్రొత్త చేతులకు వేగవాహనము

పూర్వము 5వ సంఖ్యతో పిలువబడి, 2010 తరువాత 16వ సంఖ్యను ధరించిన జాతీయ రహదారి నరసన్నపేటను ఆనుకొని పోవుచున్నది. పర్లాకిమిడి నుండి పాతపట్నము మీదుగా వచ్చు దారియు ఇచ్చటనే దానితో కలియును. వంశధార ఒడ్డున మడపాము వద్ద సుంకపు ద్వారము కలదు గాని, మోటారు సైకిలువాడు అచ్చట చెల్లింపవలసినది ఏమియు లేదు. పదునెనిమిదేండ్లు నిండి, గేరు బండ్ల లైసెన్సు చేతికి వచ్చిన యువకునకు ఆ దారి ఇటు విశాఖపట్నము వరకు, అటు ఇచ్ఛాపురము వరకు అడ్డులేని దారి.

ఆ లైసెన్సు విషయమున ఒక విశేషమును శ్రోతలు గమనింపవలెను. ఇంజను పరిమాణము 100 సి.సి. గల బండికిని, 400 సి.సి. గల బండికిని మన దేశమున అది ఒక్కటియే. నిన్న నేర్చినవాడు నేడు ఏ బండినైనను ఎక్కవచ్చును. ఏ బండి తగునో తేల్చు భారము చట్టముపై గాక కుటుంబముపై పడినది. వయసు నిండని వాని విషయమున మాత్రము చట్టము కఠినముగానే యున్నది. 2019 నాటి సవరణ ననుసరించి, అట్టివాడు బండి నడిపి పట్టుబడినచో సంరక్షకునకు 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వరకు కారాగారమును విధింపవచ్చును. పదునెనిమిది నిండిన మరునాటి సంగతి ఇంటివారే చూచుకొనవలెను.

అన్ని దేశములలో ఇట్లు లేదు. బ్రిటనులో 1961వ సంవత్సరమున, నేర్చుకొనువారు 250 సి.సి. మించిన బండిని నడుపరాదని కట్టడి చేసిరి. కుర్రవారి మోజు కట్టడితో చల్లారునా? రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1964 చివర కాంటినెంటల్ జి.టి. అను 250 సి.సి. బండిని తెచ్చినది. ఐదు గేర్లు, పందెపు బండ్ల వలె క్రిందికి దిగిన హ్యాండిలు, పొడవైన ఎర్రని పెట్రోలు ట్యాంకు. చట్టపు హద్దు దాటకయే పందెపు బండి రూపమును క్రొత్తవానికి అందించిన ఈ వాహనమును ఈ జాతి బండ్లకు పూర్వీకురాలని చెప్పుట తప్పు గాదు. 1983లో అచ్చటి వారు ఆ హద్దును 125 సి.సి.కి దించిరి.

ఆ కంపెనీ పేరు మనకు క్రొత్తది గాదు. 1955లో మద్రాసున ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బులెట్టు మన పల్లెల వరకు వచ్చినది. జి.టి. మాత్రము రాలేదు. 2013లో ఆ పేరు మన దేశమునకు వచ్చునప్పటికి అది 535 సి.సి. బండి పేరుగా మారినది.

మన దేశమున యువకుల వేగపు ముచ్చట తీర్చుటకు వచ్చిన తొలి బండ్లలో 1983 నాటి రాజ్‌దూత్ 350 ముఖ్యమైనది. జపాను యమహా వారి ఆర్.డి. 350 నే ఎస్కార్ట్స్ కంపెనీ ఆ పేరుతో తయారు చేసినది. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, మొదటి రకమున సుమారు 30 అశ్వముల శక్తి. మాతృక అయిన జపాను బండికి ముందు చక్రమున డిస్కు బ్రేకు ఉండగా, మన బండికి రెండు చక్రములకును డ్రమ్ము బ్రేకులే బిగించిరి. పరుగెత్తించు సాధనమును చాలవరకు ఇచ్చి, ఆపు సాధనమున కోత విధించుటను పొదుపనుటకు నాకు మనసొప్పదు.

1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 ఇంకొక తీరు. 98 సి.సి. ఇంజను, 11 అశ్వముల శక్తి, నూరు కిలోలకు కొంచెము మించిన బరువు. నలుబది దాటిన వారిలో దాని చప్పుడు ఎరుగని వారు అరుదు. దానికిని డ్రమ్ము బ్రేకులే. టూ స్ట్రోక్ ఇంజనుల పొగపై ఆంక్షలు బిగియుచుండగా 1996లో దాని తయారీ ఆగినది. 1999లో ముందు డిస్కు బ్రేకుతో హీరో హోండా సి.బి.జడ్., 2001లో బజాజ్ పల్సర్ వచ్చి, ఫోర్ స్ట్రోక్ బండితో కూడ ఉత్సాహము తీరునని చూపినవి.

అసలు మలుపు 2008లో వచ్చినది. ఆ ఏట యమహా వారు ఆర్15 అను బండిని లక్ష రూపాయలకు కొంచెము తక్కువ ధరకు విడుదల చేసిరి. ఇంజను 150 సి.సి. మాత్రమే, శక్తి 17 అశ్వములు. కాని నీటితో చల్లబడు ఇంజను, ఆరు గేర్లు, రెండు చక్రములకును డిస్కు బ్రేకులు, పందెపు బండ్ల నమూనా చట్రము. ఈ ఇంజను బలము అధిక వేగముతో తిరుగునప్పుడే పైకి వచ్చును. కావున సందులో, సంతలో, మెల్లగా పోవునప్పుడు క్రొత్తవాడు పొరపాటున పిడిని ఎక్కువగా త్రిప్పినను బండి గుఱ్ఱము వలె ఎగిరిపడదు. శిక్షణకు ఇది మేలైన గుణము. అయితే ముందుకు వంగి కూర్చుండు ఆ భంగిమ, ఆ తొడుగు, చూపరులకే గాక నడుపువానికి కూడ తాను పందెమున ఉన్నట్లు భ్రమ కల్పించును. అది ఏ బ్రేకుకును లొంగని వ్యాధి.

2011లో రెండవ రూపము, 2018లో 155 సి.సి. ఇంజనుతో మూడవ రూపము వచ్చినవి. మూడవదానికి శక్తి 19.3 అశ్వములకు పెరిగినది. జారుడు క్లచ్చి అను క్రొత్త అమరికయు చేరినది. బెదరి ఒక్కసారిగా రెండు గేర్లు దించినచో వెనుక చక్రము బిగిసి గంతులు వేయును. ఈ క్లచ్చి ఆ సమయమున కొంత జారి ఆ కుదుపును మ్రింగును. కాని చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏ.బి.ఎస్. బ్రేకులు తొలుత దానికి లేవు. ఇండొనేషియాలో అదే బండికి ఇచ్చిన తలక్రిందుల ముందు ఫోర్కును మనకు ఈయలేదు. రాజ్‌దూత్ నాటి కథయే!

ఈసారి చట్టము కలుగజేసికొన్నది. 125 సి.సి. మించిన క్రొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ నుండి, అట్టి బండ్లన్నిటికిని 2019 ఏప్రిల్ నుండి ఏ.బి.ఎస్. తప్పనిసరి యైనది. 2019 జనవరిలోనే ఆర్15 కు అది రెండు చక్రములకును వచ్చినది. చక్రము బిగియబోవుచున్నదని తెలిసిన క్షణమే ఈ యంత్రము బ్రేకును సడలించి, మరల పట్టి, మరల సడలించును. ఇది క్షణములో అనేకసార్లు జరుగును. నూర్పిడికి వరి పరచిన రోడ్డుపై, తొలి తుంపరకు నూనె తేలిన తారుపై, పక్క ఊరి దారి నుండి ట్రాక్టరు హఠాత్తుగా రహదారిపైకి వచ్చినప్పుడు, అనుభవజ్ఞుని వ్రేళ్లు చేయగల పనిలో కొంత క్రొత్తవానికి ఇది చేసిపెట్టును. జారుడును పూర్తిగా ఆపజాలదు. శిరస్త్రాణమునకు బదులు కాదు.

2021 సెప్టెంబరు నాటి నాలుగవ రూపము సుమారు 1,68,000 రూపాయల ధరతో వచ్చినది. పొగ నిబంధనలు కఠినమగుటచే శక్తి 18.4 అశ్వములకు తగ్గినది. ఇండొనేషియా ఫోర్కు అప్పటికి మనకు దక్కినది. వెనుక చక్రము అదుపు తప్పి తిరుగకుండ చూచు అమరికయు చేరినది. బలము తగ్గి, అదుపు పెరిగిన ఈ మార్పును ప్రకటనలు అంతగా చాటలేదు. నా దృష్టిలో క్రొత్తవానికి పనికివచ్చు మార్పు అదియే.

ఇంటివారి పట్టింపు మాత్రము వేరొకచోట నుండును. రెండవ రూపమునుండి ఆసనము రెండు ముక్కలై, వెనుకది ఎత్తున నిలిచి, కూర్చున్నవారికి గూట నెక్కిన పావురపు స్థితి తెచ్చినది. ఈ మొర కంపెనీకి వినబడినట్లున్నది. 2015లో ఒకే ఆసనముతో ఆర్15 ఎస్. అను బండిని ప్రత్యేకముగా తెచ్చిరి. 2021 నవంబరులో మూడవ రూపమును కూడ ఒకే ఆసనముతో మరల విడుదల చేసిరి. తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని శ్రీముఖలింగమునకు పోవలసిన నరసన్నపేట కుర్రవాని ఇంట, అశ్వశక్తి లెక్కల కంటె ముందు ఈ ఆసనము వద్దనే బేరము తెగును.