రైతుల జాబులతో నడచిన పత్రిక

మా వ్యవసాయ కార్యక్రమమునకు వచ్చు జాబులను చూచినపుడెల్ల మాకొక పాత పత్రిక జ్ఞప్తికి వచ్చును. అమెరికాలోని బాల్టిమోరు నగరమున 1819 ఏప్రిల్ 2వ తేదీన వెలువడిన "అమెరికన్ ఫార్మర్" అను వారపత్రిక యది. సంపాదకుడు జాన్ స్టువర్ట్ స్కిన్నర్ ఆ నగరపు పోస్టుమాస్టరు. జాబుల విలువ ఎరిగినవాడు కాబోలు, రైతులు వ్రాసిన వానికి పత్రికలో పెద్దపీట వేసెను. ధరవరలు, పశువుల జాతులు, నాగళ్ల మేలుకీళ్లు, అన్నియు అందు చర్చకు వచ్చుచుండెను. గుర్రములపై మమకారము మిక్కుటమై, 1829లో పందెపు గుర్రములకు ఆయన వేరొక పత్రికనే స్థాపించెను.

తరతరములుగా పొగాకు వేసి వేసి మేరీలాండు, వర్జీనియా భూములు సారము కోల్పోగా, కుటుంబములు పడమటికి తరలిపోవుచుండిన కాలమది. ఎడ్మండ్ రఫిన్ అను వర్జీనియా భూస్వామి, భూమి అడుగున దొరకిన గుల్లల సున్నపు మన్నును పొలమున చల్లించి చూచెను. నేలలోని ఆమ్లము విరిగి పంట పెరిగెను. ఆ అనుభవమును తెలిపిన వ్యాసము 1821లో ఈ పత్రికయందే అచ్చయినది.

ఒక్క మాటను మేము దాటవేయజాలము. ఆ మన్నును త్రవ్వి మోసినవారు రఫిన్ బానిసలు. జాబులు వ్రాసిన భూస్వాములలో పలువురి పొలములందు నాగలి పట్టినవారును బానిసలే. పత్రిక పుట్టిన 1819లోనే, బానిసలకు చదువు నేర్పు కూటములను వర్జీనియా శాసనము నిషేధించినది.