ఏటిగట్టు మీద ఊరికి హక్కెంత?

గోదావరి డెల్టాలో వరదకు ఎదురు నిలిచే పని ఎప్పుడూ ఊళ్లదే. నిర్ణయం మాత్రం ఊళ్ల చేతికి రాలేదు. సుమారు నూట తొంభై ఏళ్ల చట్టాలను, విపత్తులను వరసగా పెట్టి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

1832-33 నాటి నందన కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన గోదావరి సీమను చితికిపోయేలా చేశాయి. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. సాగునీరు వచ్చింది, కాలువల కింద ఊళ్లు పెరిగాయి. దాంతో గట్టు తెగితే పోయేదీ పెరిగింది. 1858లో వచ్చిన మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వరద ముంచుకొచ్చినప్పుడు చుట్టుపక్కల కూలి జనాన్ని గట్టు పనికి పిలిపించే అధికారాన్ని సర్కారుకు కట్టబెట్టింది. ఊరి వంతు కష్టమని ఆనాడే రాసిపెట్టారు.

1884లో మద్రాసు ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. స్థానిక బోర్డుల చట్టం రోడ్లను, బడులను, ఆసుపత్రులను జిల్లా, తాలూకా బోర్డులకు అప్పగించింది. నదుల సంరక్షణ చట్టం ఏటిని, దాని గర్భంలోని లంకలను ఇంజనీర్ల అదుపులో ఉంచింది. లంకలో ఏం కట్టాలన్నా, ఏం నాటాలన్నా వాళ్ల అనుమతి కావాలి. ప్రవాహానికి అడ్డు రాకూడదన్న జాగ్రత్త సరైనదే. కానీ బోర్డు ఒక దారిన, నది మరో దారిన పోయాయి. ఆ రెండు దారులూ ఇప్పటికీ కలవలేదు.

1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. గట్లు మాత్రం నీటిపారుదల శాఖ దగ్గరే ఉండిపోయాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పోటెత్తింది. ఇప్పటికీ గట్ల ఎత్తుకు ఆ వరదే కొలబద్ద. 2006లో మళ్లీ గండ్లు పడ్డాక గట్లను ఎత్తు పెంచి, వెడల్పు చేసే పని పెద్ద ఎత్తున చేపట్టారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో గట్లు చాలావరకు నిలిచాయి. అయితే గట్లకు లోపల, ఏటి మధ్యలో ఉన్న లంకలకు ఆ రక్షణ లేదు. కాజ్‌వేలు మునిగితే లంకవాసులకు పడవే దిక్కు.

ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడోది వచ్చిందంటే ఊళ్లో ఎవరికీ కంటి మీద కునుకుండదు. టార్చిలైట్లు పట్టుకుని గట్టు వెంట తిరుగుతూ ఏటి వైపు కన్నా ఊరి వైపు వాలునే ఎక్కువ కనిపెట్టి చూస్తారు. ఎలుక కన్నంలోంచి, పాత చెట్టు వేరు పక్కనుంచి ఊట మొదలవుతుంది. నీరు తేటగా వస్తే కొంత వ్యవధి ఉన్నట్టు. బురదగా వస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. వెంటనే ఊట చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి నీళ్లు నిలవగడతారు. లోపలి ఒత్తిడికి ఎదురొత్తిడి దొరికి మట్టి కోత ఆగుతుంది. ఏ మలుపులో గట్టు బలహీనమో వాళ్లకు తెలుసు. వేసవిలో మరమ్మతుల జాబితా తయారయ్యేటప్పుడు ఆ మాట వినేవాళ్లుండాలి.

1996 నవంబరు 6న కోనసీమను కుదిపేసిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరి తోటలను నేలకూల్చింది. ఆ తర్వాత తుపాను షెల్టర్లు, ముందస్తు తరలింపులు గట్టిపడ్డాయి. 1997లో సాగునీటి సంఘాల చట్టం కాలువల నిర్వహణలో రైతులకు చోటిచ్చింది. ఏటిగట్ల సంగతి అందులో లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరును అధ్యక్షుణ్ణి చేసి, ఎన్నికైన స్థానిక ప్రతినిధిని సహాధ్యక్షస్థానంలో కూర్చోబెట్టింది. కుర్చీ అయితే దొరికింది, నిధులు మాత్రం శాఖల దగ్గరే ఉన్నాయి.

సముద్రం వైపు సమస్య ఇంకా జటిలం. ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడంతో నది సముద్రానికి మోసుకొచ్చే మట్టి 1970లతో పోలిస్తే 1990ల నాటికి సుమారు మూడో వంతుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. మేత అందని తీరం కరుగుతోంది. ఉప్పాడలో ఇళ్లూ బీచ్ రోడ్డూ ఏళ్ల తరబడి కోతకు గురవుతున్నాయి. ఇసుక నింపిన భారీ గొట్టపు సంచులతో కట్టిన జియోట్యూబ్ గోడనూ కెరటాలు చీల్చాయి. కోరంగి మడ అడవులు తీరాన్ని కాచినంతగా రాళ్లు కాయలేవు. మహారాష్ట్ర, తెలంగాణల జలాశయాల్లో చిక్కుకున్న ఒండ్రును ఏ పంచాయతీ విడిపించగలదు?

నెదర్లాండ్స్‌లో నీటి మండళ్లకు మధ్యయుగాల నుంచీ సొంత పన్నులు, సొంత ఎన్నికలు ఉన్నాయి. మనకు అంత అక్కర్లేదు. 15వ ఆర్థిక సంఘం కోత నివారణకు జాతీయ స్థాయిలో 1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్లు సిఫార్సు చేసింది. అలాంటి సొమ్ములో కొంత వాటా గట్టు వెంట, తీరం వెంట ఉన్న పంచాయతీలకు నేరుగా రావాలి. వేసవి మరమ్మతుల జాబితా మీద గ్రామసభ తీర్మానం ఉండాలి. ఇంజనీరు లెక్కకు ఊరి జ్ఞానం తోడైతేనే గట్టు నిలుస్తుంది. వరద రాత్రి కాపలా కాసే ఊరికి, వరద రాకముందు మాట చెప్పే హక్కు చట్టప్రకారం దక్కాలి.