డ్రెడ్ స్కాటు వ్యాజ్యము: ఒక విశేషణము కథ

పూర్వశాసనములను దప్పుగాఁ జదివి న్యాయస్థానము లొసఁగిన తీర్పులలో, అమెరికా సంయుక్తరాష్ట్రముల సర్వోన్నత న్యాయస్థానము 1857 మార్చి 6 వ తేదీని డ్రెడ్ స్కాటు వ్యాజ్యమునఁ జెప్పిన తీర్పు మిక్కిలి యపకీర్తి గడించినది.

స్కాటు వర్జీనియాలోఁ బుట్టిన బానిస. సైనికవైద్యుఁడగు ఎమర్సను అతనిని గొని, దాస్యము నిషిద్ధమైన ఇల్లినాయి రాష్ట్రమునకును, పిమ్మట ఉత్తరమందలి స్నెల్లింగు కోటకును దోడ్కొనిపోయెను. ఆ సీమయందును 1820 నాఁటి మిస్సోరీ రాజీశాసనము దాస్యమును నిషేధించి యుండెను. అచ్చటనే యతఁడు హారియెట్టును వివాహమాడెను. స్వేచ్ఛాభూమిలో వసించిన బానిస స్వతంత్రుఁడగునని మిస్సోరీ న్యాయస్థానములే పూర్వము చెప్పియుండుటచే, మిస్సోరీకి మరలివచ్చిన యా దంపతులు 1846 లో సెయింట్ లూయీ నగరమున, మృతుఁడైన ఎమర్సను భార్యపై వ్యాజ్యములు వేసిరి. 1850 లో గెలిచిరి. 1852 లో ఆ రాష్ట్రపు పైన్యాయస్థానము తన పూర్వనిర్ణయములనే త్రోసిపుచ్చెను. పిమ్మటి ప్రతివాది శాన్‌ఫర్డు. తీర్పుల సంపుటమున నాతని పేరిలో నొక డకారము చొరఁబడి, వ్యాజ్యము నేఁటికిని ‘శాండ్‌ఫర్డు’ పేరనే వ్యవహరింపఁబడుచున్నది. తాళపత్రప్రతుల లేఖకదోషముల నెఱిఁగిన మన కిది వింత గాదు.

ఇంతకంటెఁ బెద్దతప్పు తీర్పులోనే కలదు. రాజ్యాంగనిర్మాణకాలమున నల్లజాతివారు పౌరులుగా నెన్నఁబడలేదనియు, కావున వారి సంతతివారు స్వతంత్రులైనను ఆ రాజ్యాంగార్థమునఁ బౌరులు కారనియు ప్రధానన్యాయమూర్తి టానీ నిర్ణయించెను. 1820 నాఁటి శాసనమును గూడఁ గొట్టివేసెను. తొమ్మండుగురిలో నేడుగురు స్కాటునకుఁ బ్రతికూలురైరి. టానీ చూపిన యాధారములలో 1705 నాఁటి మసాచుసెట్సు శాసనము, 1717 నాఁటి మేరీలాండు శాసనము ముఖ్యములు. అవి జాత్యంతరవివాహమును నిషేధించునవి. వివాహనిషేధమునుండి పౌరత్వాభావమును సాధింపఁబూనుట హేత్వాభాసమే.

భిన్నాభిప్రాయము వ్రాసిన కర్టిసు ప్రాఁతపత్రములనే తిరుగవేసెను. రాష్ట్రముల తొలి సమాఖ్యాపత్రము అంగీకరింపఁబడిన నాఁటికే న్యూహాంప్‌షైరు, మసాచుసెట్సు, న్యూయార్కు, న్యూజర్సీ, ఉత్తర కరోలినా రాష్ట్రములలో స్వతంత్రులైన నల్లవారికి, తక్కిన యర్హతలున్నచో, వోటుహక్కు గలదని చూపెను. దీనికంటె బలవత్తరమైన సాక్ష్యము మఱియొకటి. ఒక రాష్ట్రపు ‘స్వతంత్రనివాసులు’ తక్కిన రాష్ట్రములలోఁ బౌరహక్కులఁ బొందుదురని యా పత్రపు నాలుగవ యధికరణము. ‘స్వతంత్ర’ పదము వెంట ‘శ్వేత’ పదమును జేర్పవలెనని 1778 జూన్ 25 వ తేదీని దక్షిణ కరోలినా ప్రతినిధులు కోరిరి. రెండు రాష్ట్రములు ఔననెను, ఎనిమిది కాదనెను, ఒకదాని వోటు చీలిపోయెను. నాఁడు సభ తెలిసి నిరాకరించిన విశేషణమును డెబ్బదితొమ్మిదేండ్లకు టానీ వ్యాఖ్యానమార్గమునఁ జేర్చినాఁడని నా తలంపు.

స్కాటు కుటుంబమును 1857 మే నెలలోఁ గ్రొత్త యజమాని విడుదల చేసెను. కర్టిసు ఆ యేఁటనే పదవిని వీడెను. స్కాటు 1858 సెప్టెంబరులో మరణించెను. దేశమునఁ బుట్టి దాని యధికారమునకు లోఁబడినవారెల్లరును బౌరులే యను పదునాలుగవ సవరణము 1868 లోఁ గాని రాలేదు.